నంది మిస్ట్ జాకీ టోపీ

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు అలమేలు బిస్కెట్ల డబ్బా మూత తీసేసరికి లోపల ఉండవలసిన క్యాసెట్టు లేదు. దాని చోట మడత పెట్టిన పాత జాకీ టోపీ ఒకటి ఉంది, గుర్రప్పందెం రౌతు పెట్టుకునేది.

డబ్బాను బోర్లించింది. ఎండిన వేపాకులు రాలాయి. క్యాసెట్టు రాలలేదు. బీరువాలో ఆ అర ఖాళీ చేసి చూసింది, కింది అర చూసింది, బీరువా వెనక టార్చి వేసి చూసింది. ఏళ్ళ తరబడి ఆ డబ్బా అదే అరలో అదే మూల ఉంది. తాళం వేయాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు. పాత క్యాసెట్టు కోసం చింతామణి లాంటి చిన్న ఊళ్ళో ఇల్లు దూరేవాడెవడు?

మధ్యాహ్నం మూడింటికి అక్షత వస్తుంది. ఈలోగా క్యాసెట్టు దొరక్కపోతే నందకిశోర్ తాగుబోతన్న మాట లోకంలో అలాగే నిలిచిపోతుంది.

అలమేలుకు అరవై ఆరేళ్ళు. తాలూకాఫీసులో పనిచేసి రిటైరైంది. ఆమె తాత, తండ్రి కైవారలో గుడిసేవ చేసినవాళ్ళు. మంత్రాలు తప్ప మరో మాట వినబడని ఆ ఇంట్లోకి గుర్రప్పందేలు తెచ్చినవాడు అన్న చంద్రశేఖర. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ప్రతి ఆదివారం రేసుకోర్సుకు పోయేవాడు. పందెం కాయడు. చంకలో టేప్‌రికార్డరు పెట్టుకుని గ్యాలరీలో స్పీకరు కింద నిలబడి కామెంటరీ రికార్డు చేసుకునేవాడు. ఊరికి వచ్చినప్పుడు చెల్లెలికి వినిపించేవాడు. అలమేలు రేసుగుర్రాన్ని కంటితో చూడకముందే ఆ గొంతుకు దాసోహమైంది. ఆ గొంతు నందకిశోర్‌ది.

చిక్కబళ్ళాపురం మనిషి. మిగతా కామెంటేటర్లు గుర్రాల పేర్లు చెప్పేవాళ్ళు, ఆయన పందేన్ని కళ్ళముందు పెట్టేవాడు. జాకీల చొక్కాల రంగులు, టోపీల రంగులు ముందురోజే రంగుపెన్సిళ్ళతో కాగితం మీద గీసుకుని కంఠస్థం చేసేవాడట. పద్నాలుగు గుర్రాలు గేటు వదిలి వంద గజాలు పోకముందే పద్నాలుగు పేర్లూ ముత్యాల్లా దొర్లేవి. చివరి మలుపు దాకా గొంతు పెంచడు. ఆఖరి రెండువందల మీటర్లలో ఒక్క మెట్టు ఎక్కిస్తాడు, అంతే, వినేవాడి గుండె ఆ మెట్టు మీద నిలబడిపోతుంది. ఇంకొక అలవాటు కూడా ఉండేది. గెలిచిన గుర్రం పేరు చెప్పాక ఎవరైనా మైకు కట్టేస్తారు. ఆయన అందరికన్నా వెనక, ఒళ్ళంతా బురదతో ఈడ్చుకుంటూ వచ్చే గుర్రం పేరు కూడా చెప్పాకే ఆపేవాడు. అదీ పరిగెత్తింది కదా అనేవాడట.

అలాంటి మనిషి నోరు ఒక్కసారి తప్పింది.

1997 జూలైలో ఒక ఆదివారం. ఐదో పందెం మొదలయ్యేసరికి జోరువాన. ఒక కాఫీతోటల యజమానివి రెండు గుర్రాలు పరిగెత్తాయి, కోలార్ ఫ్లేమ్, నంది మిస్ట్. యజమాని ఒకడే కాబట్టి ఇద్దరు జాకీలకూ ఒకే రకం నీలంపట్టు చొక్కాలు. తేడా అంతా టోపీల్లోనే. కోలార్ ఫ్లేమ్ జాకీకి పసుపు టోపీ, నంది మిస్ట్ జాకీకి తెల్ల టోపీ. చివరి మలుపులో రెండూ పక్కపక్కన వచ్చాయి. ఒకటి విడివడి గెలిచింది. గెలిచింది కోలార్ ఫ్లేమ్ అని నందకిశోర్ మైకులో చెప్పాడు. నంది మిస్ట్ మీద కాసినవాళ్ళు టికెట్లు చించి వానలోకి విసిరేశారు. రెండు నిమిషాల తరువాత బోర్డు మీద పడిన పేరు నంది మిస్ట్.

కుర్చీలు విరిగాయి. లాఠీలు లేచాయి. సోమవారం విచారణ పెట్టారు. వీడియోలో వాన తప్ప ఏమీ కనబడలేదు. అధికారులు నంది మిస్ట్ జాకీ టోపీ తెప్పించి చూశారు. తెల్లగా, మచ్చ లేకుండా ఉంది. మరి తప్పెలా చెప్పావని అడిగారు. నాకు కనబడిందే చెప్పాను, తప్పయితే నాదేనన్నాడు నందకిశోర్. మైకు తీసేసుకున్నారు. ఆ తరువాత ఇన్నేళ్ళలో ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు.

ఇప్పుడాయనకు డెబ్భై రెండు. ఏడాదికి ఒక్కసారి, దిబ్బూరహళ్ళి బడిలో ఆటల పోటీలప్పుడు, పిల్లల పరుగుపందేనికి మైకు పట్టుకుంటాడు. చిట్టచివర రొప్పుకుంటూ వచ్చే పిల్ల పేరు కూడా చెప్పాకే దింపుతాడు. అది వినడానికి అలమేలు ఏటా బస్సెక్కి పోతుంది.

పోయిన నెల రిటైరైన రేసు అధికారి ఒకాయన ఏదో యూట్యూబు చానెల్లో కూర్చుని, ఆ రోజు కామెంటేటరు పూటుగా తాగి ఉన్నాడని నవ్వుతూ చెప్పాడు. నాలుగు లక్షలమంది చూశారు. అలమేలు ఆ రాత్రి అన్నం తినలేదు. తెల్లారి అక్షతకు ఫోను చేసింది. అక్షతదీ చిక్కబళ్ళాపురమే. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల, బెంగళూరు నుంచి వారం వారం గుర్రప్పందేల మీద ఆన్‌లైన్ కార్యక్రమం నడుపుతుంది. ఆమె ఒకటే మాటంది. మీ అభిమానం సరే ఆంటీ, నాకు సాక్ష్యం కావాలి. తాగినవాడి నాలుక తడబడుతుంది. తడబడలేదని చూపించే సాక్ష్యం భూమ్మీద ఒకటే ఉంది, ఆ పందెం రోజు చంద్రశేఖర చేసిన రికార్డింగు. అన్న పోయి ఏడేళ్ళయింది. క్యాసెట్టు చెల్లెలికి మిగిలింది.

అది ఏ డబ్బాలో ఉందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఆ ఇద్దరూ పోయిన ఆదివారం ఈ గదిలోనే, ఈ బీరువా ఎదురుగానే కూర్చున్నారు.

ఒకడు సీనప్ప, చేళూరు రోడ్డులో దర్జీ. డెబ్భై అయిదు దాటినా సూదిలో దారం ఎక్కించడానికి ఇంకొకరిని పిలవడు. రెండోవాడు మునినారాయణ, బాగేపల్లి తాలూకా మిట్టేమరి రైతు. టమేటా తోట, ఇరవై మేకలు, ఆకాశమంత నోరు. ఇద్దరూ చంద్రశేఖర స్నేహితులు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అలమేలు ట్యాబులో పందేలు చూడటానికి వస్తారు. ఆమె ఇంట్లో డబ్బు పందెం మాట ఎత్తకూడదు. ఎవరికి వాళ్ళు మొదటి మూడు పేర్లు చీటీ మీద రాసి గ్లాసు కింద పెట్టాలి. సరిగ్గా చెప్పినవాళ్ళ ముందుకు చక్కిలాల డబ్బా జరుగుతుంది.

ఆ ఆదివారం మునినారాయణ ప్రసారంవాళ్ళ మీద పడ్డాడు. గుర్రాలు చివరి మలుపు తిరుగుతుంటే కెమెరా పోయి గ్యాలరీలో ఒక గొప్పింటావిడ ఈకల టోపీ మీద నిలబడింది.

"గుర్రప్పందెమా, పెండ్లి వీడియోనా యిది? ఆయమ్మ టోపీ మీద చీటీలు రాసినామా మనం?"

"వుండనీలే అప్పా," అన్నాడు సీనప్ప ట్యాబు మీదికి వంగి. "కుట్టు బాగుండాది, చూడనీ."

అక్కడినుంచి మాట కొత్త కామెంటేటర్ల మీదికి పోయింది. గేటు తెరిచినప్పుడే కేకలు పెడితే గెలుపు దగ్గర ఇంకేం మిగులుతుందని అలమేలు బాధ. బెంగళూరు నడుమనున్న రేసుకోర్సును బయటికి తరలిస్తారా లేదా అన్నదాని మీద ఒక పావుగంట నడిచింది. గుర్రాలకు మందులెక్కించే కేసుల మీద ఇంకొక పావుగంట. అధికారుల దగ్గరికొచ్చేసరికి మునినారాయణకు పూనకమొచ్చింది. వాళ్ళకు విచారణ అంటే కాఫీ తాగే టైమని, నలభై నిమిషాలు కూర్చుని ఏమీ లేదని లేచి వస్తారని చెడామడా తిట్టాడు. అలమేలు ఒప్పుకోలేదు. కొత్తగా వచ్చిన ఒక మహిళా తీర్పరి, అందరూ ఆశ పెట్టుకున్న గుర్రాన్ని అడ్డం తోలినందుకు పందెంలోంచి తీసేసి, ఎందుకు తీసేసిందో మైకులో తానే వచ్చి చెప్పిన సంగతి గుర్తుచేసింది. జనం అరిచారు, ఆమె కాగితం కూడా చూడకుండా ముగించింది. ఆ నిదానం చూస్తే చేతులెత్తి మొక్కబుద్ధయిందని అలమేలు అంది.

మునినారాయణ మెత్తబడలేదు. "నందకిశోర్ సార్‌కు న్యాయం చెయ్యనోళ్ళు యెవురికి చేసినా నాకేమి?"

ఎక్కడ మొదలుపెట్టినా ఆయన మాట అక్కడికే చేరేది. చంద్రశేఖర బతికున్నప్పటినుంచీ అంతే. ఆ విచారణ చేసిన ముగ్గురు అధికారుల పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లతో సహా ఆయనకు నోటికొచ్చు.

అప్పుడే అక్షత ఫోను చేసింది. అలమేలు అందరికీ వినబడేలా పెట్టింది. శనివారం వస్తానని, నందకిశోర్‌ను కూడా రమ్మన్నానని, అందరి ఎదుటా క్యాసెట్టును కంప్యూటరులోకి ఎక్కిస్తానని ఆ పిల్ల చెప్పింది. ఇప్పుడున్న సాఫ్ట్‌వేరుతో కామెంటరీ వేరు, వాన వేరు, జనం గోల వేరు చేయొచ్చట. రికార్డరు పక్కన నిలబడినవాళ్ళు నోట్లో గొణుక్కున్నది కూడా విడిగా వినబడుతుందట. సీనప్ప చప్పట్లు కొట్టాడు. డబ్బా బయటికి తీసి అందరూ క్యాసెట్టు చేతిలో తిప్పి చూసుకున్నారు. అలమేలు కాఫీ కలపడానికి లోపలికి పోయింది. తిరిగి వచ్చేసరికి డబ్బా బీరువాలో ఉంది. మూత తీసి చూడలేదు.

ఆ తరువాత గురువారం మునినారాయణ టమేటాలు తెచ్చి ఇచ్చిపోయాడు. శుక్రవారం సీనప్ప జాకెట్లు తెచ్చి ఇచ్చిపోయాడు. ఇద్దరినీ ఆమె ముందుగదిలో ఒంటరిగా వదిలి లోపలికి పోయింది, సంచీ కోసం ఒకసారి, నీళ్ళ కోసం ఒకసారి.

అలమేలు టోపీని కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. పట్టు. పసుపు రంగు, కానీ ఎగుడుదిగుడుగా ఉంది, ఒకచోట చిక్కగా ఒకచోట పలచగా. లోపలి పట్టీ తిప్పితే అడ్డంగా మూడు చిన్న కుట్లు కనబడ్డాయి. ఆ గుర్తు ఆమె జాకెట్లన్నింటి మెడ దగ్గరా ఉంది. సీనప్ప చేతి గుర్తు.

శిడ్లఘట్ట పట్టుతో ఆ కాఫీతోటల యజమాని జాకీలకు చొక్కాలు, టోపీలు ఒకప్పుడు కుట్టింది సీనప్పే.

ఆమె చెప్పులు వేసుకుని చేళూరు రోడ్డుకు నడిచింది. దారి పొడుగునా కోపం పెరిగింది. దుకాణంలోకి పోయి టోపీ తీసి మిషను మీద పెట్టింది. సీనప్ప దాన్ని చూశాడు, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. దొంగ మొహం అలా ఉండదు. పోయినవాళ్ళెవరో తిరిగి వచ్చినట్టు చూశాడు.

ఇది నీదేనా అని అడిగింది. కుట్టు నాదేనన్నాడు. కోలార్ ఫ్లేమ్ టోపీ నీ దగ్గరికెలా వచ్చిందని అడిగింది. సీనప్ప టోపీని తలకిందులు చేసి, అంచు వెంబడి గోటితో దారాన్ని కొంచెం పైకి లేపాడు.

"యిది కోలార్ ఫ్లేముది కాదమ్మా. పసుపు టోపీకి నేను పసుపు దారమే వేసినా. దీని దారం చూడు, తెల్ల నైలాను. గుడ్డకు రంగు పట్టినా దారానికి పట్టలేదు. యిది తెల్ల టోపీ. నంది మిస్ట్‌ది."

అలమేలు మిషను పక్కనున్న స్టూలు మీద కూర్చుని, ఆ దారాన్ని తాను కూడా లేపి చూసింది.

విచారణలో తెల్లగా ఉన్న టోపీ మరి ఏది? ఆ సంగతీ సీనప్పే చెప్పాడు. ఏ టోపీ అయినా రెండు ఉండేవి. తాను కొత్తగా కుట్టి పంపింది జాకీ పెట్టుకునేవాడు, అంతకుముందుది గుర్రాలశాలలో పెట్టెలో ఉండేది. అధికారులు తెమ్మంటే పెట్టెలోది పంపి ఉంటారు. ముగ్గురు అధికారులు ఆ రోజు ఎవరూ పెట్టుకోని టోపీని చూసి తీర్పు చెప్పారు.

పసుపు రంగు ఎలా వచ్చింది? అలమేలు చూపు మిషను మీదున్న తాంబూలం పెట్టె మీద పడింది. వేలు తడి చేసుకుని, సున్నం డబ్బీలోంచి రవ్వంత తీసి టోపీ లోపలి వైపు రాసింది. ఇద్దరూ వంగి చూశారు. సున్నం తగిలిన చోట పసుపు మెల్లగా ఎర్రబడింది. పెళ్ళికూతురికి, బాలింతకు, ఊరినుంచి వచ్చిన బిడ్డకు దిష్టి తీసే ఎర్రనీళ్ళ రంగు అది. అలమేలు ఆ నీళ్ళు జీవితంలో వెయ్యిసార్లు కలిపి ఉంటుంది.

"వంటింటి పసుపు," అంది.

సీనప్ప తల ఆడించాడు. కొత్త తెల్లగుడ్డకు పసుపు ముట్టించకుండా మన ఊళ్ళలో ఎవరు ఒంటికి తగిలిస్తారమ్మా అని తనకు తానే అన్నట్టు అన్నాడు. యజమానికి నచ్చదని తాను పెట్టలేదు. అక్కడితో ఆగిపోయాడు. ఆమె అడగబోయేది అతనికి ముందే తెలిసింది.

కుట్టిన టోపీల పార్సెలు బెంగళూరుకు తీసుకుపోయింది ఎవరు?

సీనప్ప సూదిలోంచి దారం తీశాడు. మళ్ళీ ఎక్కించాడు. ఆ వారం తనకు చలిజ్వరమని, తాను పోలేదని చెప్పాడు. అలమేలు కదలకుండా కూర్చుంది. చివరకు అతను మిట్టేమరి వైపు చెయ్యి ఊపాడు.

ఇంటికి తిరిగి వస్తూ ఆమె లెక్క వేసుకుంది. దొంగ ఎవరో తెలిసింది. కానీ చేతిలో ఉన్నది మచ్చపడ్డ టోపీ. ఈ పసుపు నిన్న పూసింది కాదని ఎవరు నమ్ముతారు? అధికారి నవ్వుతాడు, ఇంకో నాలుగు లక్షలమంది చూస్తారు. టోపీకి నోరు లేదు. నోరున్న మనిషి తనంతట తాను చెప్పాలి. నిలదీస్తే చెప్పే రకం కాదు మునినారాయణ. తువ్వాలు దులుపుకుని లేచిపోతాడు, క్యాసెట్టు ఏ బావిలోనో పడుతుంది. నాలుగు గంటలపాటు ఆమె ఆలోచించింది. భోజనం అయ్యేసరికి ఒక సంగతి స్పష్టపడింది. ఇన్నేళ్ళలో నందకిశోర్‌ను అందరూ ఒకే ప్రశ్న అడిగారు, తప్పెలా చెప్పావని. ఇంకో ప్రశ్న ఉంది. అది ఎవరూ అడగలేదు.

మూడింటికి పది నిమిషాల ముందే నందకిశోర్ చిక్కబళ్ళాపురం బస్సు దిగి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నిటారైన నడుము. వెనకే అక్షత కారు వచ్చింది. సీనప్ప వచ్చాడు. చివర మునినారాయణ వచ్చి, నందకిశోర్ కూర్చోబోయే కుర్చీని తన తువ్వాలుతో రెండుసార్లు తుడిచి, తాను గుమ్మం దగ్గర గోడకానుకుని కూర్చున్నాడు. రోజూ ఊరంతా వినబడే మనిషి ఆ పూట నోరు తెరవలేదు.

అక్షత రికార్డరు పెట్టింది. క్యాసెట్టు ఏదని అడిగింది. ముందు మాటలు కానిమ్మని అలమేలు అంది. మునినారాయణ తలెత్తి ఆమెను చూసి మళ్ళీ దించుకున్నాడు.

ఈనాటి ప్రసారాల గురించి అడిగితే నందకిశోర్ మెచ్చుకున్నాడు. తాను ఒక దుర్భిణీతో పని కానిచ్చాడు. ఈ కాలంవాళ్ళు ఒక కంటితో మైదానం, ఒక కంటితో ఆరు తెరలు చూస్తూ చెప్పాలి, వాళ్ళకు నమస్కారం పెట్టాలన్నాడు. కేకలు వేస్తారు కదా అని అక్షత రెచ్చగొట్టింది. యువకులు, వయసు మీద పడితే గొంతు తనే దిగుతుందిలే అన్నాడు. విచారణ చేసిన అధికారుల సంగతి ఎత్తితే, వాళ్ళ తప్పేమీ లేదన్నాడు. టోపీ తెప్పించారు, తెల్లగా ఉంది. ఆ కుర్చీలో తానున్నా అదే తీర్పు చెప్పేవాణ్ణన్నాడు. తాగి ఉన్నావన్నాయన మీద కూడా కోపం లేదు. ఆ పెద్దాయనకు మనుషులను నవ్వించడం అలవాటన్నాడు.

అలమేలు అప్పుడు అడిగింది.

"ఆ పొద్దు మీకు ఏమి కనబడింది సార్?"

 నందకిశోర్ అక్షత రికార్డరు వైపు చూసి, కిటికీ వైపు చూసి, చేతులు ఒడిలో పెట్టుకున్నాడు.

"రెండు పసుపు టోపీలు కనబడినాయమ్మా," అన్నాడు. "మలుపు తిరిగేటప్పుడు ఒకటి తెలుపు, ఒకటి పసుపు. తెలుపు వెనకబడింది అనుకున్నా. వానలో ఒక క్షణం ఏమీ కనబడలేదు. మళ్ళీ దుర్భిణీలోకి వచ్చేసరికి రెండూ పసుపే. ముందున్నదాన్ని కోలార్ ఫ్లేమ్ అన్నా."

ఆ మాట అధికారులకు ఎందుకు చెప్పలేదని అక్షత అడిగింది.

"తెల్ల టోపీ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నవాళ్ళకు రెండు పసుపు టోపీలు చూసినానని ఎట్ల చెప్పేది? నా కళ్ళు పోయినాయనుకున్నా. ముగ్గురు కంటి డాక్టర్లకు చూపించుకున్నా. కళ్ళు బాగుండాయన్నారు. కళ్ళు బాగుంటే తల చెడిందన్నమాట. రెండేండ్ల తరువాత వేరే రాష్ట్రం రేసుకోర్సువాళ్ళు మైకు ఇస్తామని ఇంటికొచ్చినారు. పోలేదు. లేని రంగు చూసేవాడు మైకు పట్టుకోకూడదు. ఎవురూ నన్ను ఆపలేదమ్మా. నేనే ఆగిపోయినా."

 అలమేలు కొంగుచాటునుంచి టోపీ తీసి, సున్నానికి ఎర్రబడిన వైపు పైకి పెట్టి, నందకిశోర్ ముందు బల్ల మీద ఉంచింది. ఎవరి పేరూ చెప్పలేదు. గుమ్మం వైపు చూడలేదు.

నందకిశోర్ టోపీని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. దాని పసుపును చాలాసేపు చూశాడు. 

గోడ దగ్గర మునినారాయణ లేచాడు. తువ్వాలు కొసన కట్టిన ముడి పళ్ళతో విప్పి, క్యాసెట్టు తీసి టోపీ పక్కన పెట్టాడు. కింద కూర్చోబోయి, కూర్చోకుండా అలాగే నిలబడ్డాడు.

"మీ కండ్లు బాగుండాయి సార్. తల బాగుండాది. నేను చెడగొట్టినా. సీనప్పకు జొరమొస్తే పార్సెలు నేను తీసకపోయినా. బస్సు కైవారలో ఆగినప్పుడు విప్పి చూసినా. తెల్లగా, కొత్తగా, పసుపు బొట్టు గూడ లేకుండా ఉండాది. నంది మిస్ట్ అంటే నాకు పిచ్చి. మన నంది కొండ పేరు పెట్టుకోని పరిగెత్తే గుర్రం, దాని మీది పిలగాడు వట్టి తెల్లగుడ్డ నెత్తిన పెట్టుకోని యెక్కేదా అని గుడి దగ్గర పసుపు తీసుకోని కలిపినా. బయట పూస్తే కనబడతాదని లోపలంతా పూసి ఆరబెట్టినా. రెండో టోపీ పసుపుదే గదా, దానికెందుకని వదిలేసినా. వాన వస్తాదని నాకేమి తెలుసు సార్. గ్యాలరీ కంచె దగ్గర, స్పీకరు కింద చంద్రన్న పక్కన నిలబడి చూస్తా ఉండా, నా కండ్ల ముందరే పసుపు బయటికి దిగింది. దిగినా సంతోసపడినా, పసుపే గెలిపించిందని. మీరు కోలార్ ఫ్లేమ్ అనేటప్పటికి నేను చేసింది నాకు తెలిసొచ్చింది. జనం కుర్చీలు యిరగ్గొడతా ఉంటే జాకీల గది వెనకాలకు పోయి, మచ్చపడింది నాకిచ్చెయ్యప్పా అని బతిమాలి తెచ్చుకున్నా. సోమవారం పోయి చెప్పాలనుకున్నా. లాఠీలు చూసినా గదా, భయపడినా. మంగళవారం మీ మైకు పాయె. ఆ పొద్దునుంచి ఆఫీసర్లను తిడతా ఉండా సార్, గట్టిగా తిడితే నాది నాకు వినబడదని. క్యాసెట్టులో నా గొంతు ఉండాది. 'పసుపు కారిపోతాండాదే' అని చంద్రన్న చెవిలో అరిచినా. ఈ పాప యంత్రం పెట్టి గొంతులు విడదీస్తానంటే ఆదివారమే తీసి రొండిన దోపుకున్నా. బావిలో వేద్దామని పోయినా. మీ గొంతు గదా అది, చెయ్యి రాలేదు. గురువారం టోపీ తెచ్చి డబ్బాలో పెట్టినా, యెవురైనా పట్టుకుంటే పట్టుకోనీ అని. యంత్రం పెట్టమ్మా అక్షతా, అందురూ విననీ. సార్, మీరు ఆఖర్న వచ్చిన గుర్రం పేరు గూడ చెప్పేవాళ్ళు గదా. యిరవై యెనిమిదేండ్లు వెనక వచ్చినా నేను. మిట్టేమరి మునినారాయణ అని, మీ నోటితోనే చెప్పండి సార్."